పన్ను కట్టకుండా పూసలు కొనడం ఎలా?

మగ్గం వర్కు సరదా ఉన్నవాళ్లకు మొదటి సలహా: సామాను దగ్గర్లో కొనకండి. ఉయ్యాలవాడలో ఉంటూ ఆళ్లగడ్డ ఫ్యాన్సీ షాపులో జరీ దారం, చమ్కీలు, కట్‌దానా కొనుక్కోవడం చేతగానివాళ్ల పని. "పక్క రాష్ట్రంలో పన్ను తక్కువంట" అని పెద్దవాళ్లు ఎప్పుడో అన్నారు కదా, ఆ మాట పట్టుకుని బళ్లారికి బయల్దేరండి. గుంతకల్లు దాకా ఎట్లాగో చేరితే అక్కణ్ణుంచి రైలుంది.

పెద్దవాళ్ల మాట ఉత్తదేం కాదు, కాకపోతే పాతది. 1939లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీలో అమ్మకం పన్ను చట్టం తెచ్చినప్పుడు కర్నూలు, బళ్లారి జిల్లాలు రెండూ దాని కిందే ఉన్నాయి. మద్యనిషేధం వల్ల పోయిన రాబడిని పూడ్చుకోవడానికి వేసిన పన్ను అది. 1938లో నిషేధం పెట్టింది చిత్తూరు, కడప జిల్లాల్లో, కర్నూలులో పెట్టలేదు. అంటే పొరుగు జిల్లావాళ్లు తాగడం మానేస్తే, ఆ నష్టంలో కొంత మన అంగళ్లలో వసూలైంది. తాగి పోగొట్టుకున్నవాళ్లను చూశాం గానీ, పక్కవాడు మానేసినందుకు పోగొట్టుకున్నది మనమే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది, అదే రోజు బళ్లారి మైసూరుకు పోయింది. అక్కడ మొదలైంది అసలు సరదా. రెండు రాష్ట్రాలు, రెండు చట్టాలు, రెండు రేట్లు. 2005 ఏప్రిల్‌లో మనకూ కర్ణాటకకూ వ్యాట్ వస్తే, తమిళనాడుకు 2007 జనవరి దాకా రాలేదు. 2014 జూన్ 2న హైదరాబాదు బేగంబజారు రాత్రికి రాత్రి పరాయి రాష్ట్రమైపోయింది. అక్కణ్ణుంచి సరుకు తెప్పించుకునే మన షాపువాళ్లకు కేంద్ర అమ్మకం పన్ను, సి ఫారాలు మెడకు చుట్టుకున్నాయి. ఏది ఎక్కడ చౌకో లెక్కలేసుకుంటూ తిరిగేవాళ్లకు మాత్రం అదంతా పండగ కాలం.

2017 జులై 1న జీఎస్టీ వచ్చి ఆ పండగ చెడగొట్టింది. సరిహద్దుల్లో అమ్మకం పన్ను చెక్‌పోస్టులు పోయాయి. ఇమిటేషన్ జరీ దారం మీద పన్ను 2023 జులై నుంచి 5 శాతం: ఆళ్లగడ్డలో కొన్నా 5, బళ్లారిలో కొన్నా 5, సూరత్ నుంచి తెప్పించుకున్నా 5. ఈ సంగతి మీ ఉత్సాహానికి అడ్డు రానివ్వకండి. వెయ్యి రూపాయల బిల్లులో 5 శాతం పన్నంటే 47 రూపాయల 62 పైసలు. అంత సొమ్ము మిగుల్తుందేమోనని ఆశ ఉన్నప్పుడు రైలు ఛార్జీ, హోటలు భోజనం, ఆటో గురించి ఆలోచించేవాళ్లకు కళాహృదయం లేనట్టే.

ఆడవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగులోనో ఎక్స్‌ప్రెస్‌లోనో ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు కొడతారు. కాబట్టి ఒక్క చమ్కీ ప్యాకెట్టు కోసం పొద్దున నంద్యాల పొండి, మధ్యాహ్నం ప్రొద్దుటూరు పొండి. "ఏమప్పా, ఇది యాడ తక్కువకొస్తాది?" అని ఈ షాపులో ఆ షాపు ధర అడగండి. మీ ఆయన్ని కూడా తోడు తీసుకుపోండి. ఆయనకు టికెట్టు పడుతుంది కాబట్టి, మిగిలిన కాస్త లెక్క కూడా చక్కగా చెడుతుంది. పథకం రాష్ట్రం దాటదు, హైదరాబాదు బస్సుకు, బళ్లారి బస్సుకు వర్తించదు. పన్ను చెరిపేసిన గీతను బస్సు టికెట్టు మళ్లీ గీసిందన్నమాట. నన్నడిగితే, ఇవాళ ఉయ్యాలవాడ నుంచి పూసలకూ దారాలకూ ఎవరు ఏ ఊరు పోతారన్నది తేల్చేది జీఎస్టీ కౌన్సిల్ కన్నా ఎక్కువగా కండక్టరే. ఇది చిట్కా కాదు, నోరు జారి నిజం చెప్పాను, పట్టించుకోకండి.

బిల్లు చేతికొచ్చాక గొడవ పెట్టుకోవడం మర్చిపోవద్దు. అందులో సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 అని రెండు వరసలుంటాయి. "ఒక్క దారానికి రెండు పన్నులా?" అని నిలదీయండి. రెండూ కలిపితేనే 5 అవుతుందక్కా అని షాపతను అంటాడు, నమ్మకండి. "మాది ఉయ్యాలవాడ, ఖజానాతో పేచీ మాకు కొత్త కాదు" అని గర్జించండి. 1846లో నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ (పింఛను) దగ్గర జరిగిన అవమానానికి, ఇనాం భూములు పోగొట్టుకున్న జనం కడుపుమంటకు. ఆయన పేరును రెండున్నర శాతానికి వాడుకోవడం సిగ్గుచేటని ఎవరైనా అంటే, వాళ్లకు చరిత్ర తెలుసన్నమాట. వాళ్లకు దూరంగా ఉండండి.

రెండు వరసలు చూడలేకపోతే చెన్నై నుంచి తెప్పించుకోండి. బిల్లులో ఐజీఎస్టీ అని ఒక్కటే వరస ఉంటుంది, 5 శాతం. ఒక వరస తగ్గింది కదా! కొరియర్ ఛార్జీ మీద కూడా సరుకుకు పడిన రేటే పడుతుందని తెలిసి గుండె ఆగకుండా చూసుకోవాలంతే. ఆ ఐజీఎస్టీలో రాష్ట్రం వాటా సరుకు చేరిన మన రాష్ట్రానికే వస్తుంది. బళ్లారి కౌంటరు దగ్గర కొని సంచిలో వేసుకుంటే మాత్రం ఆ వాటా కర్ణాటకది. షాపు జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు చూస్తే ఏ రాష్ట్రపు రిజిస్ట్రేషనో తెలుస్తుంది: 37 మనది, 36 తెలంగాణ, 29 కర్ణాటక, 33 తమిళనాడు. 37 కనపడగానే మొహం చిట్లించండి.

ఇంకా తెలివైన దారి, ముక్కలుగా కొనడం. 200 రూపాయల లోపు అమ్మకానికి, కొన్నవాళ్లు అడగకపోతే, విడిగా బిల్లు ఇవ్వనక్కర్లేదని నిబంధన. దాన్ని మీరు పన్ను మాఫీ అని చదువుకోండి. వెయ్యి రూపాయల సామానుకు ఆరుసార్లు షాపు మెట్లెక్కి దిగండి. సాయంత్రం షాపతను ఆ చిల్లర అమ్మకాలన్నీ కలిపి ఒక బిల్లు రాసుకుంటాడు, పన్నూ అందులోనే పడుతుంది. మీకు మిగిలేది మోకాళ్ల నొప్పి.

ఊళ్లో చిన్న షాపు సంగతి వేరు. ఏడాదికి 40 లక్షల లోపు సరుకు అమ్ముకునేవాళ్లకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లు తమ అమ్మకాల మీద 1 శాతం తామే కట్టుకోవాలి తప్ప, కొనేవాళ్ల దగ్గర పన్నని వసూలు చేయకూడదు. కాబట్టి వాళ్ల దగ్గరికే పోయి జీఎస్టీ బిల్లు కావాలని పట్టుబట్టండి. పెద్ద షాపులో మాత్రం "బిల్లొద్దులే అన్నా, పది తగ్గించు" అనండి. రేపు పట్టు బ్లౌజు మీద ఎర్ర దారం రంగు దిగితే, ఆ బ్లౌజు పట్టుకుని అదే షాపుకు పొండి. మీ ముఖమే బిల్లు.

ఓపిక ఉన్నవాళ్లు పన్ను తగ్గేదాకా ఆగొచ్చు. చేతిసూదుల మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22న 5కు దిగింది. ప్యాకెట్టు 20 రూపాయలనుకుంటే తగ్గింది రూపాయిపావలా. 2017 నుంచి సూది కొనకుండా ఆగినవాళ్లు ఎనిమిదేళ్లకు రూపాయిపావలా వెనకేసినట్టే. డిజైను గీసుకునే పెన్సిలు మీద ఆ రోజు నుంచి పన్నే లేదు. కాబట్టి ఇకమీదట కుట్టడం మానేసి గీసుకుంటూ ఉండండి.

ఆళ్లగడ్డ పక్కనుంటూ రాతిబొమ్మల సరదా లేకపోతే ఎట్లా? ఇక్కడ పన్ను భక్తిని బట్టి ఉంటుంది. రాయితో, పాలరాతితో, కొయ్యతో చేసిన దేవతామూర్తులకు 2018 జులై 27 నుంచి జీఎస్టీ లేదు. జంతువుల బొమ్మలకు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరులో 5 అయింది. అందుకని ఇంటి ముందు కుక్క బొమ్మ పెట్టుకోవాలనిపిస్తే, కాలభైరవుడి వాహనమని బిల్లులో రాయించండి. భైరవుణ్ణి తర్వాత తీసుకుపోతామనండి. నంది జంతువా దేవుడా అన్న ప్రశ్న మాత్రం వేయకండి. ఇది నవనందుల నేల. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి నంద్యాలలో నెగ్గుకొచ్చే అధికారి ఉంటాడనుకోను. ఇక పన్ను లేదు కాబట్టి విగ్రహం చౌకగా ఇమ్మని శిల్పితో బేరమాడండి. అమ్మే మూర్తి మీద పన్ను లేనివాడికి, కొన్న రాయి మీదా పనిముట్ల మీదా కట్టిన పన్ను వెనక్కి రాదు. అది ఉలిదెబ్బలతో పాటు ధరలోనే కలిసిపోతుంది. ఇదంతా ఆయన ఓపిగ్గా చెప్తాడు. చెవిలో దూది పెట్టుకోండి.

అమెరికాలో అక్క కూతురుంటే మీ పంట పండినట్టే. అక్కడ ఇప్పటికీ రాష్ట్రానికో రేటు, మన పెద్దవాళ్ల కాలం లాగా. న్యూజెర్సీలో 6.625 శాతం; అయితే ఇంట్లోవాళ్ల కోసం స్వెట్టరు అల్లుకునే ఊలుకు పన్ను లేదు, అదే ఊలుతో బొమ్మ అల్లితే ఉంది. కౌంటరు దగ్గర ఆ అమ్మాయిని స్వెట్టరనే చెప్పమనండి, బొమ్మకు తొడుగుతారు కదా. లేకపోతే పక్కనున్న డెలావేర్‌కు కారేసుకుపొమ్మనండి, అక్కడ అమ్మకం పన్నే లేదు. ఆన్‌లైన్‌లో పరాయి రాష్ట్రం నుంచి పన్ను లేకుండా తెప్పించుకునే ఆట మాత్రం 2018 జూన్‌లో వేఫేర్ కేసు తీర్పుతో చాలామటుకు ముగిసింది. ఊలు ఉయ్యాలవాడకు పంపేటప్పుడు పొట్లం మీద రాఖీ అని రాయమనండి. బహుమతి పేరుతో సుంకం లేకుండా రప్పించుకునే వీలును 2019 డిసెంబరులో ఎత్తేసినప్పుడు ప్రాణాధార మందులనూ, రాఖీలనూ వదిలేశారు. రెండు కిలోల ఊలుతో రాఖీ ఏమిటని కస్టమ్స్‌వాళ్లు అడిగితే, మీ అన్న చెయ్యి లావని చెప్పండి.

ఇవేవీ పారకపోతే ఆఖరి అస్త్రం, సొంతంగా జీఎస్టీ నంబరు తీసుకోవడం. పూసల మీద కట్టిన పన్నంతా వెనక్కి వస్తుందని ఊరంతా చెప్పండి. సొంత వాడకానికి కొన్నదాని మీద ఆ పన్ను రాదని చట్టంలో ఉంది గానీ, చట్టం చదివినవాళ్లు మగ్గం వర్కు చేయరు. అమ్మకం ఏమీ లేకపోయినా రిటర్ను వేస్తూనే ఉండాలి. ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు. పెళ్లిళ్ల సీజన్లో బ్లౌజుల హడావిడిలో రెండు నెలలు మర్చిపోయారనుకోండి, ఒక్కో రిటర్నుకు 500 దాకా పోతుంది. అప్పుడు ఆడిటరు దగ్గరికి పరుగెత్తండి. ఆయన ఫీజు మీద 18 శాతం.