ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ హెచ్చరిక: వినకూడని ఏడు సలహాలు

మంథనిలో ఎలక్ట్రిక్ కారు కొన్నవారికి సర్వీస్ సెంటర్ దూరం, సలహాలిచ్చేవాళ్లు దగ్గర. 2024 నవంబర్ 18 నుంచి తెలంగాణ ప్రభుత్వం రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేశాక ఈ కార్లు చిన్న ఊళ్లకూ వస్తున్నాయి. తెర మీద బ్యాటరీ హెచ్చరిక వెలిగితే కరీంనగర్‌కో, హైదరాబాద్‌కో పోవడానికి బద్ధకించి, ముందు పక్కింటాయనను అడుగుతాం. ఆయన మంచి మనసుతో చెప్పే మాటే మన వారంటీని ముంచవచ్చు. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తున్నాయి. కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగానికి ఉన్న రక్షణ అది. దాన్ని పోగొట్టే సలహాలు ఇవి. ఒక్కటి కూడా పాటించకండి.

1. “చిన్న బ్యాటరీ తీగ పీకి పెట్టు అన్నా, లైటు పోతది”

కొన్నిసార్లు నిజంగానే పోతుంది, అందుకే ఈ మాటను నమ్ముతారు. పెద్ద బ్యాటరీ లోపల ఒక కంప్యూటర్ ప్రతి సెల్ వరుస వోల్టేజీని, వేడిని, కరెంటు ఎక్కడైనా బాడీలోకి లీకవుతోందా అన్నదాన్ని నిరంతరం కనిపెడుతుంది. తేడా వస్తే ఒక కోడ్‌ను, ఆ క్షణాన ఉన్న కొలతలను రాసి పెట్టుకుంటుంది. 12 వోల్టుల చిన్న బ్యాటరీ తీగ పీకితే కొన్ని బండ్లలో ఆ రాత చెరిగిపోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. సర్వీస్ సెంటర్‌కు వెళ్లాక “మాకేం కనిపించలేదు సార్” అంటే మన దగ్గర జవాబు ఉండదు. బండిని పక్కకు నిలిపి, స్విచ్ ఆఫ్ చేయక ముందే తెరను ఫోటో తీయండి. తేదీ, కిలోమీటర్లు, ఛార్జింగ్ శాతం, అప్పుడు బండి నడుస్తోందా, ఛార్జింగ్‌లో ఉందా రాసి పెట్టుకోండి. నీరసించిన 12 వోల్టుల బ్యాటరీ కూడా ఒక్కోసారి ఇలాంటి హెచ్చరికలు తెప్పిస్తుంది. అది తేల్చాల్సింది పరీక్ష చేసే టెక్నీషియన్.

2. “బండి నడుస్తుంది గదా, దసరా అయినంక చూద్దాం”

బ్యాటరీలో సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి, కాబట్టి అన్నిటికన్నా బలహీనమైన సెల్ ఎంత మోస్తే మొత్తం బ్యాటరీ అంతే మోస్తుంది. పికప్ తగ్గిందంటే కారు తనను తాను కాపాడుకుంటోందని అర్థం. 2020 డిసెంబర్‌లో హ్యుందాయ్ మన దేశంలో 456 కోనా ఎలక్ట్రిక్ కార్లను బ్యాటరీ లోపం అనుమానంతో వెనక్కి పిలిచింది. 2021లో అమెరికాలో షెవ్రొలే బోల్ట్ కార్లలో సెల్ తయారీ లోపాలు బయటపడ్డాయి. బండిని ఇంటికి దూరంగా ఆరుబయట నిలపమని, రాత్రంతా ఇంట్లో ఛార్జింగ్ పెట్టి వదలొద్దని కంపెనీయే యజమానులకు చెప్పింది.

ఎర్ర హెచ్చరిక, లేదా ఆపమని చెప్పే సందేశం వస్తే పక్కకు ఆపి అందరినీ దింపండి. పొగ, ఘాటు వాసన ఉంటే దూరంగా వెళ్లి 101కి ఫోన్ చేయండి. తాడు కట్టి లాగించకండి. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ నేలకు తాకకుండా ఎక్కించుకునే లారీనే పిలవండి.

3. “ఎర్త్ లేకుంటే న్యూట్రల్‌కు కలిపేయ్, ఛార్జర్ ఎక్కుతది”

ఈ ఏడింటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. ఛార్జింగ్ మొదలు కాగానే తప్పు చూపిస్తే, చాలాసార్లు లోపం బ్యాటరీది కాదు, ఇంటి ఎర్తింగ్‌ది. రామగుండం చుట్టుపక్కల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో నేల ఎండిపోయి, ఉప్పు, బొగ్గు వేసి నింపిన ఎర్త్ గుంత కూడా పొడిబారుతుంది. భూమిలోకి కరెంటు దారి మూసుకుపోతుంది. ఛార్జర్ దాన్ని పసిగట్టి ఆగుతుంది.

అప్పుడు సాకెట్‌లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపితే ఛార్జర్ మోసపోతుంది. ఆ తరువాత గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగిందనుకోండి, కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. డోర్ ముట్టుకున్న పిల్లవాడి గతి ఏమిటి? ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ రెసిస్టెన్స్ కొలిపించండి. వేసవిలో గుంతలో నీళ్లు పోయండి. 15 ఆంపియర్ల సాకెట్‌కు వేరే వైరు, సరైన ట్రిప్పర్ పెట్టించండి. ఆ పని చేయించిన రసీదు దాచండి. “మీ ఇంటి కరెంటు వల్లే” అని రేపు ఎవరైనా అంటే చూపించడానికి.

4. “మనోడు స్కానర్ పెట్టి విప్పి చూస్తడు”

స్కానర్‌తో కోడ్ చదివితే పరవాలేదు, చెరపనివ్వకండి. విప్పనివ్వడం మాత్రం వద్దే వద్దు. నారింజ రంగు తొడుగు ఉన్న తీగల్లో చాలా కార్లలో 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. బయటి చేతులు సీలు విప్పాయంటే వారంటీ నిరాకరించడానికి కంపెనీకి కారణం దొరికినట్టే. అదనపు లైట్లు, హారన్ల కోసం వైర్లు కోయించినా అంతే. లిథియం బ్యాటరీ ఎంత దారుణం చేయగలదో మన రాష్ట్రంలోనే, నిజామాబాద్‌లో చూశాం. 2022 ఏప్రిల్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు.

5. “నీళ్లల్ల మునిగినా ఏం గాదు, ఎండకు ఆరబెట్టు”

2022 జులైలో గోదావరి మంథని ఊళ్లోకి వచ్చింది. అలాంటి వరదకు ఏ కారూ తయారై ఉండదు. బ్యాటరీకి ఐపీ 67 అని రాసి ఉందంటే, పరీక్షలో ఒక మీటరు మంచినీళ్లలో 30 నిమిషాలు తట్టుకుందని మాత్రమే అర్థం. బురదనీటిలో రాత్రంతా నానడానికి ఆ పరీక్ష వర్తించదు. మునిగిన కారును స్టార్ట్ చేయకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఇంటికి దూరంగా నిలిపి ఇన్సూరెన్స్ వారికి చెప్పండి. వరద నష్టం సాధారణంగా ఇన్సూరెన్స్ కిందకు వస్తుంది, వారంటీ కిందకు రాదు.

6. “ఫోన్ల చెప్పినం గదా, చాలు”

చాలదు. సర్వీస్ సెంటర్‌లో ప్రతిసారీ జాబ్ కార్డు తీసుకోండి. “జనరల్ చెకప్” అని రాస్తే ఒప్పుకోకండి. తెర మీద వచ్చిన మాటలు, కోడ్ నంబరు, తేదీ యథాతథంగా ఉండాలి. బండి వెనక్కి ఇచ్చేటప్పుడు ఏ సెల్స్ పరీక్షించారు, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, ఏ భాగం మార్చారు, మార్చినది కొత్తదా, బాగుచేసినదా రాసివ్వమనండి. వారంటీ గడువు ముగిసేలోపే ఫిర్యాదు నమోదై ఉంటే, అదే లోపం తరువాత మళ్లీ వచ్చినప్పుడు మన మాటకు బలం ఉంటుంది. రేంజ్ మెల్లగా తగ్గడం వేరు, లోపం వేరు. వారంటీ పుస్తకంలో ఎంత శాతం కంటే కిందకు పడితే బాగుచేస్తారో చదువుకొని, ఆ కొలతను లిఖితంగా అడగండి.

7. “అంత పెద్ద కంపెనీతోని మనం కొట్లాడతమా?”

కొట్లాడవచ్చు, గెలిచినవాళ్లు కూడా ఉన్నారు. 2023లో కాలిపోయిన ఒక టాటా నెక్సాన్ ఈవీ విషయంలో, హైదరాబాద్ వినియోగదారుల కమిషన్ రూ.16.95 లక్షలు కొనుగోలుదారుడికి తిరిగి ఇవ్వాలని ఆదేశించింది.

ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తేలకపోతే, 2019 చట్టం ప్రకారం మీరు కొన్న ఊళ్లో కాక మీరు ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. రూ.50 లక్షల దాకా చెల్లించి కొన్న వస్తువులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. రూ.10 నుంచి 20 లక్షల కారుకు ఫీజు రూ.400. ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. గడువు రెండేళ్లు. అవసరమైతే కమిషన్ వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపగలదు. అక్కడ మన తరఫున మాట్లాడేవి ఫోటోలు, జాబ్ కార్డులు, ఎర్తింగ్ రసీదు, ఈమెయిళ్లే.

హెచ్చరిక దీపాన్ని ఆర్పాలని కాదు, దాన్ని కాగితం మీదికి ఎక్కించాలని చూడండి. మీ వీధిలో ఇంకెవరైనా ఈ బండి కొంటే, తాళాలు అందుకున్న రోజే ఒక ఫైలు తెరవమని చెప్పండి. ఈ ఊళ్లో నలుగురికి సాయపడే సలహా అదే.