సతీవీసా పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

తే. సతికి వీసాపు గడువును సాగదీయ
పలుకవలె వినవలె నాంగ్ల భాష కొంత;
చదువ రాయగ పనిలేదు, చాలు నదియె;
మెట్టు రెండెక్కి సర్టిఫికెట్టు దెమ్ము.

అవతారిక

బ్రిటన్ హోం ఆఫీసు వారి వలస నిబంధనల్లో ‘అపెండిక్స్ ఎఫ్‌ఎం’ అని ఒక కాండ ఉంది. 2012 జూలై 9న అమల్లోకి వచ్చింది. బ్రిటిష్ పౌరుణ్ణో, అక్కడ ఐఎల్‌ఆర్ (స్థిరనివాసపు అనుమతి) వచ్చినవాణ్ణో కట్టుకుని వెళ్ళిన ఇల్లాలు అక్కడ ఎన్నాళ్ళుండవచ్చు, ఇంట్లో సంపాదన ఎంతుండాలి, ఏ కాగితం ఎప్పుడు చూపాలి అన్నవన్నీ అందులో చెప్పారు. ఒక పేరా ఇంకో పేరా వైపు వేలు చూపిస్తుంది, అది మరో ఉపపేరా గుమ్మంలో దింపిపోతుంది. ఆ అరణ్యంలోని భాషాపరీక్ష ఘట్టాన్ని ఎవరో పుణ్యాత్ముడు ఒక్క తేటగీతిలో పిండాడు. కవి హౌన్‌స్లో వాస్తవ్యుడనీ, వరసపెట్టి వదినలందరికీ ఫారాలు నింపిన అలసటలో ఆశువుగా వచ్చిన పద్యమనీ ఐతిహ్యం.

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత ఆ ఒట్టులో మొదటి సగానికి మాత్రమే కట్టుబడి ఉంటాడు.

టీక

సతికి = భార్యకు. భర్త కూడా వీసా మీద వెళ్ళవచ్చు గనుక ఇక్కడ ఏకశేషం చెప్పుకోవాలి. అల్లుడుగారు అత్తవారి దేశం వెళ్ళినా పరీక్ష ఇదే, ఫీజూ ఇదే.

ఏ సతికి? అసలు చిక్కంతా ఈ మాటలోనే ఉంది. ఒకే అపార్టుమెంటులో పైన ఒక తెలుగు కుటుంబం, కింద ఒక తెలుగు కుటుంబం. పైవాళ్ళాయన స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చిన సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఆవిడ ఆయన డిపెండెంటు. ఆవిడకు ఇంగ్లీషు వచ్చా అని ఇన్నేళ్ళూ వీసా ఇచ్చేటప్పుడూ అడగలేదు, పొడిగించేటప్పుడూ అడగలేదు. ఐఎల్‌ఆర్ గుమ్మం దగ్గర మాత్రమే ఆపారు. కిందివాళ్ళాయన పదేళ్ళు ముందొచ్చి, ఐఎల్‌ఆర్ సంపాదించి, తణుకు వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చాడు. ఆయన భార్యకు మాత్రం వచ్చేముందు ఒక పరీక్ష, పొడిగింపుకు ఒకటి, స్థిరపడ్డానికి ఇంకొకటి. మొగుడికి హోదా పెరిగితే పెళ్ళానికి పరీక్షలు పెరుగుతాయన్నమాట. ఈ వైషమ్యం ప్రభుత్వం వారి దృష్టికీ వచ్చింది. 2025 మే నాటి శ్వేతపత్రంలో డిపెండెంట్లకు కూడా ఇంగ్లీషు పరీక్ష పెడతామన్నారు. కింది ఇంటావిడ బాధ తగ్గించే ఉపాయం మాత్రం అందులో కనబడదు.

వీసాపు గడువును = మొదటిసారి బయటినుంచి వచ్చేటప్పుడు ఇచ్చే 33 నెలలను.

సాగదీయ = ఇంకో 30 నెలలు పొడిగించుటకు. కవి ‘పెంచ’ అనకుండా ‘సాగదీయ’ అనడం సాభిప్రాయం. 2024 ఫిబ్రవరి నుంచి ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు, రెండున్నరేళ్ళకు 2,587 పౌండ్ల 50 పెన్నీలు. ఇది కాక దరఖాస్తు ఫీజు వేరు. సాగేది గడువొక్కటే కాదని ధ్వని.

పలుకవలె వినవలె = మాట్లాడాలి, ఎదుటివారు మాట్లాడింది అర్థం కావాలి.

చదువ రాయగ పనిలేదు = చదవడం, రాయడం ఈ పరీక్షలో ఉండవు. పద్యానికి ఆయువుపట్టు ఈ పాదం. తొందరపడి దాటకూడదు.

మన నాయిక ఎల్‌కేజీ నుంచి బీటెక్ దాకా ఇంగ్లీషు మీడియం. పదహారేళ్ళు ఇంగ్లీషులో చదివింది, ఇంగ్లీషులో రాసింది. ఇంటర్‌లో పొద్దున ఆరింటి స్టడీ అవర్ నుంచి రాత్రి పదింటి దాకా చదవడమూ రాయడమూ తప్ప నోరు తెరిచిన పాపాన పోలేదు. తెరిస్తే వార్డెన్ ఊరుకోడు. లెక్చరరు ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో చెప్పాడు, ఆవిడ తెలుగులో విని ఇంగ్లీషులో రాసింది. ఇప్పుడు హోం ఆఫీసు వారు ఆవిడకు వచ్చిన రెండు విద్యలనూ పక్కన పెట్టి, రాని రెండింటినీ అడుగుతున్నారు. మన చదువుల మీద ఇంతకంటే సూటి విమర్శ ఏ విద్యాకమిషనూ రాయలేదని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

చాలు నదియె = అంతే చాలును. నిజానికి అడిగేది కొంచెమే. ట్రినిటీ కాలేజ్ లండన్ వారి జీఈఎస్‌ఈ మూడో గ్రేడు తీసుకుంటే, గదిలో పరీక్షాధికారి ఒకరు, అభ్యర్థి ఒకరు, రికార్డు చేసే యంత్రం ఒకటి. మొత్తం ఏడు నిమిషాలు. ఉద్యోగాలు, ఉంటున్న పేట, ఇంటి జీవితం, వాతావరణం, తీరిక వేళలు, తేదీలు, వేళలు, ఇవీ సంభాషణకు విషయాలు. ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ అయితే ఇద్దరు అభ్యర్థులను కలిపి కూర్చోబెడతారు. పక్కావిడతో కూడా మాట్లాడాలి.

ఆ ఏడు నిమిషాలు ఎలా గడుస్తాయో కొంచెం దగ్గరగా చూద్దాం. బస్టాపు నుంచి మీ ఇంటికి దారి చెప్పమంటాడు. మన పేటల్లో దారి చెప్పడమంటే ఎదురొచ్చి తీసుకెళ్ళడం, లేదా ‘రామాలయం దగ్గరికొచ్చి ఫోన్ చెయ్యండి’ అనడం. కుడి, ఎడమ, తిన్నగా అని ఎవరూ చెప్పరు. నాయిక చేతులు గాలిలో తిప్పుతుంది, యంత్రంలో చేతులు రికార్డు కావు. తీరిక వేళల్లో ఏం చేస్తారంటాడు. ‘ఏ తీరిక?’ అని లోపలినుంచి తన్నుకొచ్చినా, మర్యాదకు తోటపని అంటుంది. ఉన్నది ఒక కరివేపాకు కుండీ. ఆ లండన్ చలికి అదీ కిటికీ దగ్గర ముడుచుకుని ఉంది. ప్రతి జవాబుకూ చివర ‘సర్’ వచ్చి కూర్చుంటుంది. వద్దన్నా పోదు, పదహారేళ్ళ అలవాటు.

ఇక్కడిదాకా గట్టెక్కినవాళ్ళు కూడా తడబడేచోటు ఒకటుంది. ఈ గ్రేడులో అభ్యర్థి కూడా అధికారిని మామూలు విషయాల మీద ప్రశ్నలు అడగగలగాలి. ఆయన చిరునవ్వుతో ఆగుతాడు. నాయికకు గొంతు తడారిపోతుంది. పరీక్ష పెట్టేవాణ్ణి ప్రశ్న అడగడమా? ల్యాబ్ వైవాలో ఎక్స్‌టర్నల్‌కు ఎదురు ప్రశ్న వేసి పాసైనవాళ్ళను మన యూనివర్సిటీల్లో ఎవరు చూశారు? కనుక సాధన చెయ్యవలసింది గ్రామరు కాదు. ‘మీరు ఆదివారాలు ఏం చేస్తారండీ?’ అని ఒక తెల్లాయనను నదురు బెదురు లేకుండా అడగడం. బావగారి మీదో మరిది మీదో నాలుగు రోజులు అభ్యాసం చేస్తే చాలు.

మెట్టు రెండెక్కి = రెండవ మెట్టయిన ఏ2 స్థాయికి చేరి. ఈ నిచ్చెన కౌన్సిల్ ఆఫ్ యూరప్ వారిది, 2001లో ప్రచురించారు. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. సతులకు వర్తించేవి మొదటి మూడే. అవి కట్టిన క్రమం మాత్రం ఏ శిల్పశాస్త్రంలోనూ లేదు. దేశంలో అడుగుపెట్టడానికి ఏ1 కావాలన్నది 2010 నవంబరు 29 నుంచి. స్థిరపడ్డానికి బీ1 తో పాటు ‘లైఫ్ ఇన్ ద యూకే’ పరీక్ష కూడా కావాలన్నది 2013 అక్టోబరు 28 నుంచి. ఒకటో మెట్టు, మూడో మెట్టు కట్టి మధ్యలో ఖాళీ వదిలారు. అది అప్పటి ప్రధాని కామెరాన్ గారి కంటపడింది. భర్తల వెంట వచ్చిన స్త్రీలు రెండున్నరేళ్ళలో ఇంగ్లీషు మెరుగుపరచుకోకపోతే ఉండనిస్తామన్న భరోసా లేదని 2016 జనవరిలో, ముఖ్యంగా ముస్లిం స్త్రీలను ఉద్దేశించి, అన్నాడు. 2017 మే 1 నుంచి ఏ2 వచ్చింది. ఒకరిని తలచుకుని కట్టిన మెట్టు అందరి కాళ్ళకూ తగులుతుంది.

మొదటి మెట్టు మీదే వివాదం సుప్రీం కోర్టుదాకా వెళ్ళింది. 2015 నవంబరులో కోర్టు, నియమం చెల్లుతుంది గాని, నేర్చుకునే వీలూ పరీక్షకేంద్రానికి వెళ్ళే వీలూ బొత్తిగా లేనివాళ్ళ విషయంలో దాన్ని అమలుచేసే మార్గదర్శకాలు అన్యాయం కావచ్చునంది. మెట్టు ఉంచి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టమన్నట్టు.

సర్టిఫికెట్టు దెమ్ము = గుర్తింపు పొందిన పరీక్షలో నెగ్గినట్టు పత్రం సమర్పించుము. ఈ కాలంలో పత్రం మీది నంబరు ఇస్తే వాళ్ళే ఆన్‌లైన్‌లో సరిచూసుకుంటారు.

పూర్వపక్షాలు, సిద్ధాంతాలు

ఈ చివరి పాదం మీద వాట్సాప్ భాష్యాలు బహుళంగా ఉన్నాయి గనుక ఖండించడం అవసరం.

‘నాది ఇంగ్లీషు మీడియం బీటెక్, ప్రిన్సిపాల్ సంతకంతో లెటరుంది, చాలదా?’ అని ఒక పక్షం. చాలదు. మన డిగ్రీ బ్రిటిష్ డిగ్రీకి సమానమనీ, ఇంగ్లీషులోనే బోధించారనీ ఎక్టిస్ వారు ధ్రువీకరించాలి. పూర్వాశ్రమంలో వీరి పేరు నారిక్. ఆ పత్రం ఉంటే పరీక్షే అక్కర్లేదు. అంటే ఆవిడ ఇంగ్లీషు మారలేదు, డిగ్రీ మారలేదు, మధ్యలో ఒక కాగితం వచ్చింది. దాంతో మూగది కాస్తా మాటకారి అయిపోయింది.

‘ఎంఎస్ కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చింది’ అని రెండో పక్షం. మామూలు ఐఈఎల్‌టీఎస్ పనికిరాదు. వీసాల కోసం ప్రత్యేకంగా గుర్తించిన కేంద్రంలో, ప్రత్యేకంగా గుర్తించిన రకమే రాయాలి. దాని ఆయుర్దాయం రెండేళ్ళు. ఏడు తెచ్చుకున్నావిడ వెళ్ళి కుడి ఎడమలు చెప్పక తప్పదు.

బ్రిటన్‌లోనే డిగ్రీ చేసినవారికి పరీక్ష లేదు. ఇందులో వివాదం లేదు.

65 ఏళ్ళు నిండినవారికి, శరీర మానసిక స్థితి అడ్డుపడేవారికి మినహాయింపు. ఇదీ నిర్వివాదం.

ఇంగ్లీషు అధికసంఖ్యాకుల భాషగా ఉన్న దేశాల పౌరులకు పరీక్ష లేదన్నది మాత్రం ఆలోచించవలసిన సూత్రం. ఆ జాబితాలో జమైకా ఉంది, ట్రినిడాడ్ ఉంది, గయానా ఉంది. ఇండియా లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో గయానా చెరకుతోటలకు కూలీలను మోసిన మద్రాసు ఓడల్లో తెలుగువాళ్ళూ ఎక్కారు. ఓడెక్కినవాడి మునిమనవరాలు ఇవాళ పరీక్ష లేకుండా భర్త పక్కన ఉండవచ్చు. రేవులో వీడ్కోలు చెప్పి వెనక్కి వచ్చినవాడి మునిమనవరాలు ట్రినిటీ కేంద్రంలో తన వంతు కోసం కూర్చుంటుంది. ఇంగ్లీషువాడు ఇద్దరినీ ఏలాడు గాని, ఒక్కరికే తన భాష అంటించి పంపాడని అర్థం.

‘ఏ2 మానేసి నేరుగా బీ1 రాస్తే?’ అన్నది సాధు పక్షం. పై మెట్టెక్కినవాడు కింది మెట్టెక్కినట్టే. ఒకసారి దరఖాస్తులో ఆమోదం పొందిన బీ1 సర్టిఫికెట్టును, రెండేళ్ళ గడువు దాటినా, ఆ పరీక్ష గుర్తింపు జాబితాలో ఉన్నంతకాలం స్థిరనివాసానికి మళ్ళీ వాడుకోవచ్చు. ఒక ఫీజు, ఒక సెలవు, ఒక గుండెదడ కలిసొస్తాయి. స్థిరనివాసానికి చాలా మార్గాల్లో బీ2 కావాలనే ప్రతిపాదన కూడా 2025 నాటి ఆ శ్వేతపత్రంలోనే ఉంది గనుక, ఈ సిద్ధాంతాన్ని దరఖాస్తు రోజున ఇంకోసారి సరిచూసుకోవాలి.

నాయికా నిర్ణయం

ఈ పద్యంలో నాయిక ఎవరు? ఏ1 రాసేటప్పుడు భర్త లండన్‌లో, ఆవిడ తణుకులో, కనుక ప్రోషితభర్తృక. పొడిగింపు నాటికి ఒకే ఇంట్లో ఉంటున్నారు గాని స్వాధీనపతిక అనడానికి వీల్లేదు, వీసా భర్త చేతిలో ఉంది. గడువు దగ్గరపడి పరీక్ష స్లాటు దొరక్క, ‘బుక్ చెయ్యమని ఎప్పట్నుంచి మొత్తుకుంటున్నాను’ అని ఆవిడా, ‘నువ్వు సిద్ధమయ్యావని నాకేం తెలుసు’ అని ఆయనా అనుకునే ఘట్టాన్ని బట్టి కలహాంతరిత అని ఈ వ్యాఖ్యాత నిర్ణయం.

తాత్పర్యం

బ్రిటన్‌లో భర్తతో కాపురం చేస్తున్న ఇల్లాలు మరో 30 నెలలు ఉండాలనుకుంటే, గుర్తింపు పొందిన కేంద్రంలో ఏ2 స్థాయి ఇంగ్లీషు మాట్లాడి, విని, నెగ్గి, వీసా గడువు తీరేలోపు ఆ నంబరు దరఖాస్తులో రాయవలెనని భావం.

ఉత్తర పద్య సూచన

దీని తరువాతి పద్యం స్థిరనివాసం గురించినది. అందులో బీ1 తో పాటు ‘లైఫ్ ఇన్ ద యూకే’ వస్తుంది: 24 ప్రశ్నలు, 45 నిమిషాలు, 18 సరైతే ఉత్తీర్ణత. దానికి నిర్ణయించిన పాఠ్యపుస్తకంలో ఎనిమిదో హెన్రీ రాజుగారి ఆరుగురు భార్యల సంగతి ఉంది. భర్త పక్కన ఉండనివ్వమని దరఖాస్తు పెట్టుకున్న ఇల్లాలు ఎవరికి విడాకులైనాయో, ఎవరి తల పోయిందో వరసగా కంఠస్థం చెయ్యాలి. వారిలో నాలుగో ఆవిడ ఆన్ ఆఫ్ క్లీవ్స్ జర్మన్ సీమనుంచి వచ్చింది. 1540 జనవరిలో పెళ్ళయ్యేనాటికి ఆవిడకు ఇంగ్లీషు దాదాపు రాదు. జూలైకల్లా ఆ పెళ్ళి చెల్లదన్నారు గనుక, పొడిగింపు ప్రసక్తి రాలేదు.