నీడ వైపు నా చోటు

నన్ను పంచెగా నేశారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో మగ్గం దిగాను. ఒక పెద్దాయన ఒంటి మీద కొన్నేళ్లు గడిపి, అంచు చిరిగాక ఊళ్లోనే ఉన్న ఫొటో స్టూడియోకి చేరాను. స్టూడియో కుర్రాడు చిరుగు కత్తిరించి, నన్ను రెండు మడతలు వేసి వెదురు చట్రానికి బిగించాడు. 100 నంబరు నూలు గుడ్డ కదా, పలచన. ఒక్క పొరగా కడితే కాంతి చాలావరకు నాలోంచి అవతలికి పోతుంది. మడత వేస్తే ఎక్కువ భాగం తిరిగి మనిషి మీదికి వస్తుంది. అప్పటి నుంచి నేను రిఫ్లెక్టర్ని.

నా పుట్టుక గురించి కొంచెం చెప్పుకోవాలి. మా ఊరి ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య చెత్తంతా పోయి పీచు తిన్నగా సాగుతుంది. ఆ తర్వాత గింజ తీసి, వింటితో ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద వడుకుతారు. గాంధీగారు తన కొడుకు దేవదాసును మా ఊరు పంపి ఈ పని చూసి రమ్మన్నారు. చేత్తో వడికిన నూలు కాబట్టి నా ఒళ్లు అద్దంలా నున్నగా ఉండదు. పడిన వెలుగు అన్ని వైపులకీ చెదురుతుంది. స్టూడియోలో నాకు విలువ తెచ్చింది ఈ గరుకుదనమే. పైగా నేను బ్లీచింగ్ ఎరగను. ఆ కాస్త మీగడ రంగు ముఖానికి లేత వెచ్చదనం ఇస్తుంది.

నేను చేసేది ఇదీ. మెయిన్ లైటు ఒక పక్క నుంచి, కంటి ఎత్తుకి కాస్త పైనుంచి వస్తుంది. అటు చెంప వెలుగుతుంది, ఇటు చెంప చీకటవుతుంది. మన కన్ను ఆ చీకట్లో కూడా చెంపను చూడగలదు. కెమెరాకి అంత ఓర్పు లేదు, నల్లగా మింగేస్తుంది. నన్ను ఆ చీకటి పక్కన, ఫొటోలో పడకుండా నిలబెడతారు. మెయిన్ లైటులోంచి ముఖాన్ని దాటి వచ్చిన వెలుగునే పట్టి వెనక్కి పంపుతాను. కొత్త దీపం పెట్టినట్టు రెండో నీడ పుట్టదు, ముక్కుకి రెండు పక్కలా రెండు నీడలు రావు. ఫొటో పెద్దది చేసి నీడ వైపు కన్ను చూడండి, నల్లగుడ్డు అంచున మసక తెలుపు కనిపిస్తుంది. అది నేను.

దూరమే అసలు సంగతి. చిన్న రిఫ్లెక్టరైతే సగం దూరానికి జరిపితే వెలుగు దాదాపు నాలుగు రెట్లవుతుంది. నాలాంటి పెద్ద గుడ్డకి అంత తేడా రాదు గానీ, జానెడు జరిపినా నీడ మారడం కంటికి తెలుస్తుంది. వెండి రంగు రిఫ్లెక్టరుకి జోరెక్కువ, చర్మం మీద జిడ్డు మెరుపు తేలుస్తుంది. బంగారు రంగుది పెళ్లికూతురికి కూడా నేను ఒప్పుకోను, ముఖం పసుపు పూసినట్టు తయారవుతుంది.

ఒకసారి నూలు వడికే ముసలామె గుర్తింపు కార్డు ఫొటోకి వచ్చింది. చామనచాయ. బుగ్గల మీద నిలువుగా దిగిన ముడతలు. ముక్కుకి రెండు పక్కలా ముక్కుపుడకలు. వెంట వచ్చిన మనవడు "కాస్త తెల్లగా రావాలన్నా" అన్నాడు. కుర్రాడు నన్ను ఆమె దగ్గరగా తెచ్చి చూశాడు. ముడతలు చదునైపోయాయి, కుడి ముక్కుపుడక చుట్టూ ఉన్న గుంట మాయమైంది. వెంటనే నన్ను అడుగు వెనక్కి జరిపాడు. "మామ్మా, గెడ్డం కొంచెం దించు, ఇటు సూడు" అన్నాడు. ముడతలు తిరిగి వచ్చాయి, వాటి లోపల చర్మం కూడా కనిపించింది. నీడ వైపు వెలుగు వైపుకి సగానికి కాస్త తక్కువుంది. ఆమె ఫొటో చూసి "మా అమ్మ లాగున్నాను బాబూ" అంది. ఆ ఫొటోలో నా పాలు ఉందని ఇప్పటికీ గర్వం.

మా జాతి పాతది. కరెంటు దీపాలు రాక ముందు స్టూడియోలకి అద్దాల కప్పు ఉండేది, నీడ వైపు తెల్ల తెర నిలబెట్టేవారు. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ సినిమా 'అపరాజితో' కోసం కాశీ ఇంటి లోపలి వాకిలిని కలకత్తా స్టూడియోలో సెట్ వేసినప్పుడు, ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్ల గుడ్డ పరచి, దీపాలు దాని మీదికి కొట్టి, ఆకాశపు వెలుగుని కిందికి దించారు. అదంతా చేసింది మామూలు గుడ్డే.

నల్లగా ఉన్న మనిషిని తెల్లగా చూపడానికి నన్ను వాడటం నాకు నచ్చదు. అలా చేస్తే ముఖంలో మనిషి మిగలడు. నా పని నీడలో ఉన్నదాన్ని కనిపించేలా చేయడం, అంతవరకే.

స్టూడియో పెట్టబోయే పిల్లలకి నా మనవి ఒకటే. రెండు పక్కలా రెండు ఫ్లాష్‌లు సమానంగా వెలిగించే అలవాటు మానండి. ఒకటి ఆర్పి, ఆ చోట తెల్ల గుడ్డ నిలబెట్టండి. పొందూరు పంచె దొరక్కపోతే థర్మకోల్ షీటు చాలు. ముందుకీ వెనక్కీ జరుపుతూ కన్ను పెట్టి చూడండి, ఆ ముఖానికి ఎంత నీడ కావాలో తేల్చుకున్నాకే బటన్ నొక్కండి.