దేవయాని చీర కథ

ఈ చీర దేవయానిది. రాక్షసరాజు వృషపర్వుడి గురువైన ఆమె తండ్రి శుక్రాచార్యుడి ఇంట ఉన్నన్నాళ్లు దానికి కథ లేదు. ఆ రాజు కూతురు శర్మిష్ఠ ఒంటి మీదికి చేరిన రోజే అది కథకెక్కింది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కోరికపై నన్నయ తెనిగించిన భారతం ఆదిపర్వంలో ఆ ఘట్టం ఉంది. చెలికత్తెలతో జలక్రీడలకు వెళ్లిన ఆ ఇద్దరూ విడిచిన బట్టలు గాలికి కలిసిపోగా, తొందరలో శర్మిష్ఠ ఈ చీర కట్టుకుంది. మిగిలిన శర్మిష్ఠ చీర కట్టడానికి దేవయాని ఒప్పుకోలేదు, ఎందుకంటే ఒకరు కట్టి విడిచిన బట్ట మైల, అంటే మడికి పనికిరానిది.

 గడివేముల నుంచి నంద్యాల కాలేజీకి వెళ్లే స్నేహితురాళ్లు పండుగకు చీరలు మార్చుకుంటే అది చనువు. దేవయాని, శర్మిష్ఠల మధ్య మాత్రం అది తండ్రుల హోదాల తగాదా అయింది. తాను గురుపుత్రినని దేవయాని అంటే, నీ తండ్రి నా తండ్రిని కొలిచి బతికేవాడని శర్మిష్ఠ ఎదురాడి, నెచ్చెలిని బావిలోకి తోసి, ఈ చీరతోనే నగరికి వెళ్లిపోయింది. అసలు ద్రోహం ఆ నడకలోనే ఉంది, ఎందుకంటే కోపం తోయిస్తుంది గానీ ఇంటిదాకా మౌనంగా నడిపించదు.

బావిలోని దేవయానికి యయాతి మహారాజు తన ఉత్తరీయం, అంటే పైన కప్పుకునే బట్ట ఇచ్చి చేయందించాడని భాగవతం చెబుతుంది. కూతురి అవమానం తెలిసి శుక్రుడు రాజ్యం విడిచిపోతానన్నాడు. ఆయన వెళ్లిపోతే మృతసంజీవని, అంటే చచ్చినవారిని బతికించే విద్య, రాక్షసులకు దూరమవుతుంది గనుక వృషపర్వుడు దిగివచ్చాడు. దేవయాని కోరినట్టే శర్మిష్ఠ వేయిమంది చెలులతో ఆమెకు దాసి అయింది. తన వారి మేలు కోసం శర్మిష్ఠ అందుకు తలొగ్గిన తీరు గొప్పది, అడిగిన దేవయాని తీరు కఠినమైనది.

యయాతిని పెళ్లాడిన దేవయానికి తెలియకుండా శర్మిష్ఠ అతని వల్ల ముగ్గురు కొడుకులను కన్నది. అది తెలిసి శుక్రుడు శపించగా రాజుకు వచ్చిన ముసలితనాన్ని శర్మిష్ఠ చిన్నకొడుకు పూరుడు తీసుకుని సింహాసనానికి వారసుడయ్యాడు. పాండవులు అతని వంశంవారు. దేవయాని పెద్దకొడుకు యదువు వంశంలో కృష్ణుడు పుట్టాడు.