చెవి

జెద్దాలో మా యజమాని ఇంటి వెనక వేపచెట్టు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో పాడైపోయిన ఏసీలు, కాళ్లు విరిగిన సోఫాలు, వాటి మధ్య పట్టా కప్పిన ఒక కారు. పెద్దాయన కుర్రతనంలో ఇంగ్లండులో చదువుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఓడ మీద తెచ్చుకున్న కారు అది. 1972 మోడల్ ఎంజీబీ. ఇద్దరే పట్టే ఎర్ర కారు, పైన గుడ్డ టాపు. సౌదీకి తేవాలని ముందే అనుకుని ఎడమ స్టీరింగుది కొన్నాడట. పెళ్లయి పిల్లలు పుట్టాక అది షెడ్డులోకి వెళ్లింది. ఇరవై ఏళ్ల పైన అక్కడే ఉండిపోయింది.

అరవై దాటాక ఆయనకి దాని మీద మనసు మళ్లింది. అది 2014. సనాయ్యా నుంచి ఇద్దరు మెకానిక్కుల్ని పిలిపించాడు. పారిశ్రామికవాడని జెద్దాలో అందరం సనాయ్యా అనే అంటాం. ఒకతను చూసి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. రెండో అతను, "ఈ ఇంజన్ తీసి పారేయండి, జపాన్ ఇంజన్ వేసిస్తా" అన్నాడు. పెద్దాయన మొహం చిన్నబోయింది.

వాళ్లు వెళ్లాక, ఇంటి డ్రైవరు గేటు దగ్గర్నుంచి మెల్లగా వచ్చి నాతో అన్నాడు. "సారూ, ఒక్కసారి బానెట్ లేపి చూడొచ్చునా అని సేటును అడుగుండ్రి."

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అన్న అనే పిలిచేవాణ్ని. 2012లో ఇంటి డ్రైవరు వీసా మీద వచ్చాడు. ఉదయం పిల్లల్ని స్కూల్లో దింపడం, సాయంత్రం ఆడవాళ్లని బజారుకి తీసుకెళ్లడం, రాత్రి గేటు పక్క గదిలో పడుకోవడం. అంతకు ముందు ఆయన ఏం పని చేసేవాడో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

బానెట్ లేపాడు. దుమ్ము మీద అరచేయి పెట్టి తుడిచాడు. కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఇది మన అంబాసిడర్ ఇంజనే సారూ! జగిత్యాల బస్టాండు కాడ ఇసొంటియి ఎన్ని ఇప్పిన్నో లెక్క లేదు."

నేను నమ్మలేదు. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని. మన అంబాసిడర్ అసలు పేరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దానికి వేసిన 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఈ స్పోర్ట్స్ కారులోని 1798 సీసీ ఇంజను ఒకే ఇంటి బిడ్డలు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బీ సిరీస్. ఆక్స్‌ఫర్డ్ పక్కనే ఉన్న ఆబింగ్డన్ ఊళ్లో 1962 నుంచి 1980 దాకా ఈ ఎంజీబీలు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. అక్కడ దొరబాబులు టాపు దించుకుని షికార్లు తిరిగిన ఇంజనూ, ఇక్కడ కరీంనగర్ రోడ్ల మీద పదిమందిని కుక్కుకుని తిరిగిన టాక్సీ ఇంజనూ అన్నదమ్ములు! పొద్దున్నే ఆ సంగతి చెబితే పెద్దాయన మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. అదే ఏడాది మే నెలలో బెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆ వార్త అన్నకి నేనే చదివి వినిపించాను. "ఇగ ఈడ ఒకటి లేపుదాం తియ్యి" అన్నాడు.

అలా మొదలైంది. ప్రతి శుక్రవారం. నాది జుమ్మా సెలవు, ఆయనకి ఆ రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కాస్త ఊపిరి పీల్చుకునే టైము. ఇంగ్లీషు మాన్యువల్ నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ని. సగం చెప్పగానే ఆయన చెయ్యి అక్కడికి వెళ్లిపోయేది. జపాన్ బళ్లకి వాడే ఎంఎం పానాలు దీనికి పట్టవు, అంగుళాల పానాలు కావాలి. అవి ఇంగ్లండు నుంచి తెప్పించేలోపే, బోల్టు తల మీద బొటనవేలు పెట్టి, "ఇది అరంగుళం, ఇది తొమ్మిది బై పదహారు" అని చెప్పేసేవాడు. ఒక్కటీ తప్పలేదు. నేను స్కేలు పెట్టి కొలిచి మరీ చూశాను.

జెద్దా గాలి ఇనుముకి శత్రువు. ఎర్రసముద్రం ఉప్పూ, ఒళ్లు జిడ్డెక్కించే ఉక్కా కలిసి రేకుని లోపల్నుంచి తింటాయి. ఈ కారుకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద పెట్టెల్లా ఉండే రేకులే దాని వెన్నెముక. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అది పిడి దాకా దిగిపోయింది. కొత్త రేకులు పోస్టులో వచ్చాయి. సనాయ్యాలో పనిచేసే ఒక పాకిస్తానీ డెంటరు వెల్డింగ్ సెట్టు వేసుకొచ్చి, మూడు శుక్రవారాలు షెడ్డులోనే కూర్చుని అతికాడు. ముందు తలుపులు గట్టిగా బిగించి ఉంచాలని, లేకపోతే అతికేటప్పుడు కారు నడుము ఒంగిపోతుందని అన్న పట్టుబట్టాడు. ఎండకి రేడియేటర్ తట్టుకోదని ముందు ఒక కరెంటు ఫ్యాను బిగించాడు. ఆయన చేసిన మార్పు అదొక్కటే. సీట్ల వెనక గోతిలో ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు పెట్టే పాత ఏర్పాటుని కూడా మార్చనివ్వలేదు. "పుట్టిన తీరుగనే ఉండనీయుండ్రి" అనేవాడు.

సీట్లు, పెయింటు, మీటర్ల సంగతి చెప్పుకుంటూ పోతే ఒక పుస్తకం అవుతుంది. వదిలేస్తాను. నేను చెప్పాలనుకున్నది ఆయన చెవి గురించి.

ఆ కారుకి కార్బరేటర్లు రెండు. ఎస్‌యూ కంపెనీవి, గంట ఆకారంలో పక్కపక్కనే నిలబడి ఉంటాయి. చెరి రెండు సిలిండర్లకీ గాలి ఇస్తాయి. రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే ఇంజన్ కుంటుతుంది, పికప్ పోతుంది. సమానంగా ఉన్నాయో లేదో చూసే మీటర్లు అమ్ముతారు. తెప్పిస్తానన్నాను. అన్న వద్దన్నాడు. తోటకి నీళ్లు పెట్టే గొట్టం మూరెడు కోసుకొచ్చాడు. ఒక కొస కార్బరేటర్ నోటి దగ్గర, రెండో కొస చెవిలో. కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత రెండోదాని దగ్గర పెట్టి విన్నాడు. "ఎన్కది జర ఎక్కువ గుంజుతున్నది" అని స్క్రూ వెంట్రుకవాసి తిప్పాడు. నాకూ ఇచ్చాడు గొట్టం. రెండు చోట్లా ఒకటే బుస. నా చెవికి ఏ తేడా అందలేదు.

"ఎలా తెలుస్తుందన్నా?"

"మా ఉస్తాదు నేర్పిండు సారూ, నాకు పదమూడేండ్లప్పుడు." కాసేపాగి మళ్లీ అన్నాడు. "కానీ అసలు నేర్సింది నా కొడుకు తోటి. చిన్నగున్నప్పుడు వానికి దమ్ము ఉండె. రాత్రి పక్కల పండుకొని వాని ఈపు మీద చెవి పెట్టి వింటుంటి. దవాఖానకు ఉరకాల్నా, పొద్దుదాక ఆగొచ్చునా, ఊపిరి తోటే ఎరుకైతుండె. ఒక్కసారి సుత తప్పలే."

ఆ కొడుకుని గురుకులంలో వేశారు. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. అప్పట్లో సౌదీలో ఇంటర్నెట్ కాల్స్‌కి అనుమతి లేదు, ఆ నిషేధం 2017 సెప్టెంబరులో గానీ ఎత్తేయలేదు. కార్డు వేసుకుని మామూలు ఫోన్ చేయాల్సిందే. అన్న వారానికోసారి ఇంటికి చేసేవాడు. భార్యతో మాట్లాడేవాడు, తల్లితో మాట్లాడేవాడు. పిల్లాడు సెలవులకి ఇంటికొచ్చినప్పుడు దొరికితే దొరికినట్టు. 2016 వేసవిలో మాట్లాడాడు. దసరా సెలవుల్లో చేస్తే వాడు ఆడుకోవడానికి పోయాడన్నారు.

రెండేళ్లకోసారి ఊరికెళ్లే హక్కు ఆయనకి ఉంది. మొదటిసారి కూతురి పెళ్లికి డబ్బు చాలక, సెలవు బదులు జీతమూ టికెట్టు డబ్బూ తీసుకుని ఇంటికి పంపేశాడు. పెళ్లి ఆయన లేకుండానే జరిగింది. రెండోసారి పెద్దాయనే వెళ్లి రమ్మన్నాడు. అప్పటికి ఇంజను ముక్కలు ముక్కలుగా బల్ల మీద పరిచి ఉంది. "ఇప్పినోడే బిగియ్యాలె. వేరేటోళ్లకు అంతు దొరకదు. లేపినంక పోత" అన్నాడు. నేనూ ఉండిపొమ్మనే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

2016 డిసెంబరులో ఒక శుక్రవారం. అసర్ నమాజు అయింది. జెద్దాలో ఆ నెల గాలి చల్లగా, సముద్రం వాసనతో మహా హాయిగా ఉంటుంది. కారు అంతా తయారు. కార్బరేటర్లు చివరిసారి సరిచూడటం ఒక్కటే మిగిలింది. సరిచూస్తే ఆ సాయంత్రమే కార్నిష్ రోడ్డు మీదికి తీయాలని పెద్దాయన ఆశ. తెల్లటి తోబ్ తొడుక్కుని షెడ్డు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అన్న తాళం తిప్పాడు. వెనక పెట్రోలు పంపు టిక్ టిక్‌మని కొట్టుకుని ఆగింది. "పెట్రోలు నిండింది, లీకు లేదు" అన్నాడు ఆ టిక్కులు విని. ఇంజన్ అందుకుంది. గొట్టం చెవికి పెట్టుకున్నాడు. కార్బరేటర్ కింద ఆరుపలకల నట్టు ఒకటి ఉంటుంది, పెట్రోలు పాళ్లు దాంతో సరిచేస్తారు. అది ఒక్క పలక తిప్పాలి. తిప్పడానికి ఇంజన్ ఆపాడు.

షెడ్డు నిశ్శబ్దమైంది. అప్పుడు ఫోను మోగింది. కారు రెక్క మీద పరిచిన గుడ్డ మీద ఉంది ఆయన ఫోను. ఇండియా నంబరు, పేరు లేదు. చేతులు గ్రీజు. మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"హలో... నేనే" అంది అవతల ఒక బరువైన మగ గొంతు.

"ఎవలు కావాలె అన్నా?"

అవతల ఒక క్షణం మాట లేదు. "నేనే..." అంది మళ్లీ.

"రాంగ్ నంబరు అన్నా. జర సూస్కొని కొట్టు" అని మర్యాదగానే చెప్పి, మోచేత్తోనే ఆపేశాడు. నట్టు ఒక పలక తిప్పాడు. మళ్లీ స్టార్ట్ చేశాడు. కళ్లు మూసుకుని గొట్టం చెవిలో పెట్టుకున్నాడు.

ఫోను మళ్లీ మోగింది. అదే నంబరు. కళ్లు తెరవకుండానే, ఎత్తమని నాకు చెయ్యి ఊపాడు. నేను ఫోను తీసుకుని వేపచెట్టు కిందికి నడిచాను.

"అంకుల్, కట్ చెయ్యకుండ్రి. ఇది మా దోస్తు వాళ్ల బాపు ఫోను, మళ్ల ఇయ్యడు. పదో తరగతి ఫారంల మా బాపు పేరు ఇంగ్లీషుల ఎట్ల రాయాల్నో సారు అడిగిండు. మా బాపు జెద్దాల డ్రైవరు." పేరు చెప్పాడు.

అది అన్న పేరు.

షెడ్డులోంచి కేక వినబడింది. "సారూ, కుదిరింది! రెండు ఒక్క తీరుగ ఇనొస్తున్నయి!" పెద్దాయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొడుతున్నాడు.

2012లో అన్న విమానం ఎక్కినప్పుడు ఆ పిల్లాడికి పదకొండేళ్లు. ఫోనులో వాడి గొంతు అచ్చం అన్న గొంతే.