మిల్ట్రీ మామ మార్కులు

కరీంనగర్ చుట్టుపక్కల ఏ ఊరికైనా పోండి, ఒక మిల్ట్రాయన ఉంటాడు. అసలు పేరు రేషన్ కార్డు మీద, పింఛన్ కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. మిల్ట్రాయన ఇల్లెక్కడంటే బర్రెలు కాసే పిల్లగాడు కూడా చూపిస్తాడు. ఫౌజులో పనిచేసి హవల్దారుగా దిగి, ఆ తర్వాత ఓ బ్యాంకు గేటు దగ్గర తుపాకీ ఒళ్లో పెట్టుకొని ఇంకొన్నేళ్లు గడిపి, ఇప్పుడు ఇంటిపట్టున ఖాళీగా ఉంటాడు. ఖాళీగా అంటే ఊరుకోడు లెండి. మిలిటరీ సినిమాలకు మార్కులు వేస్తుంటాడు.

మా వాడకట్టు మిల్ట్రాయనను మేమందరం మామ అంటాం. మనం సినిమాలో కథ చూస్తాం, హీరోయిన్‌ను చూస్తాం. మామ నెత్తి చూస్తాడు, చెయ్యి చూస్తాడు, బూట్లు చూస్తాడు. నెత్తిన టోపీ లేకుండా హీరో సెల్యూట్ కొట్టాడో, ఆయన లెక్కలో సినిమా అక్కడికే ఖతం.

"టోపీ లేకుంట సెల్యూటేందిరా? సావధాన్‌ల నిలవడాలె, గంతే!"

టోపీ ఉన్నా గండం గడిచినట్టు కాదు. ఆర్మీ సెల్యూట్‌లో అరచెయ్యి ఎదుటివాడికి కనపడాలి. నేవీలో అరచెయ్యి నేలను చూడాలి. ఎయిర్‌ఫోర్స్‌ది ఆ రెండింటి నడుమ, 45 డిగ్రీలు. మన హీరోలు అలవాటుగా ఈ మూడింటినీ కలిపి కొడతారు. "పేరు మేజర్ ఫలానా అన్నరు. సెల్యూట్ సూస్తే నేవీ. గడ్డం సూస్తే బాసర పోయే సాధువు. వీన్ని ఏ దాంట్ల భర్తీ చేసుకున్నరు?" అని మామ అడిగితే టీవీ ముందున్న పిల్లలు జవాబు చెప్పలేక బిక్కమొహం వేస్తారు.

ఇదంతా ఒక ఎత్తు, తెర మీద మిలిటరీ జైలు కనపడితే ఒక ఎత్తు. రిమోట్ తీసుకొని బొమ్మ ఆపేస్తాడు. సినిమావాళ్ల జైలు మీకు తెలిసిందే. చీకటి గుహ, పైనుంచి చుక్క చుక్క నీళ్లు, గోడకు గొలుసులు. "గసొంటిది మన ఫౌజుల యాడుందో సూపెట్టుండ్రి, నా పింఛన్ రాసిస్త" అంటాడు. తర్వాత పాఠం మొదలు. ప్రతి పల్టన్‌కూ గేటు దగ్గర క్వార్టర్ గార్డ్ అని ఒకటుంటుంది. తుపాకులు దాచే కోత్ అక్కడే, పల్టన్ పైకం పెట్టే పెట్టె అక్కడే, తప్పు చేసిన జవాన్‌ను కూర్చోబెట్టే కొట్టు కూడా అక్కడే. సున్నం వేసి, ఇత్తడి తోమి, పెళ్లివారి ఇల్లులా పెడతారు. చిన్న తప్పులకు కోర్ట్ మార్షల్ దాకా పోనక్కర్లేదు. 1950 నాటి ఆర్మీ యాక్ట్‌లో సెక్షన్ 80 ఉంది. దాని కింద కమాండింగ్ ఆఫీసర్ తనంతట తానే ఒక సిపాయిని 28 రోజుల వరకు లోపల వేయొచ్చు. ఇక పిట్టూ సంగతి. వీపున సంచీ, దాంట్లో బరువు, నెత్తిన మధ్యాహ్నపు ఎండ, వెనుక నుంచి కేకలు, గ్రౌండ్ చుట్టూ పరుగు.

"బెల్టు, బూటు లేసులు ముందుగాల్నే గుంజుకుంటరు. పండుకుంటే కిటికి ఎడమ దిక్కు వస్తది. తెల్లారంగ సంత్రీ బూటు సప్పుడుకే మెలకువ వస్తది."

ఇంత వివరం ఈయనకు ఎలా తెలుసు? తలుపుకు ఇవతల తుపాకీతో నిలబడి చూశాడా, అవతల లేసుల్లేని బూట్లతో కూర్చొని చూశాడా అని వాడకట్టులో ఒక్కరూ అడగలేదు. అడిగితే క్యాంటీన్ రమ్ము బందవుతుందని అందరికీ భయం.

'సీతారామం' వచ్చిన ఏడాది, అంటే 2022లో, ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకుంటుంటే మామ ఒక్కడే వేళ్ల మీద లెక్కలు వేస్తూ కనిపించాడు. లెఫ్టినెంట్ రామ్ పాకిస్తాన్ చెరలో ఉన్నాడు, ఉత్తరం ఇరవై ఏళ్లకు చేరుతోంది, హాలంతా ముక్కులు చీదుతోంది. మామకు తెగని అనుమానం వేరే. "గీ లెఫ్టినెంట్‌కు ఇన్ని దినాలు ఛుట్టీ ఎవ్వడిచ్చిండు? రైలల్ల తిరుగుడు, హైద్రాబాద్ తిరుగుడు. మూవ్‌మెంట్ ఆర్డర్ ఏది? వాపస్ రిపోర్ట్ చేసే తారీఖు ఏది?" దుల్కర్ సల్మాన్ అందానికి మూడు మార్కులు, మంచు కొండలకు రెండు ఇచ్చి, సెలవు లెక్క తేలలేదని మిగతావి కోసేశాడు. సెలవు విషయంలో మామది మహా పట్టుదల. ఏ సినిమాలో సిపాయి ఇంటికొచ్చినా ఎప్పుడు తిరిగిపోతాడా అని గడియారం చూస్తాడు. మేమది క్రమశిక్షణ అనుకునేవాళ్లం.

కోపం చేయని సినిమా ఒక్కటే, 2007లో వచ్చిన హిందీ '1971'. మనోజ్ బాజ్‌పేయి, ఇంకో అయిదుగురు యుద్ధఖైదీలు పాకిస్తాన్ క్యాంపు నుంచి తప్పించుకునే కథ. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ యుద్ధంలో మనకు లొంగిపోయిన 93 వేల మందిని మనం వాపసు పంపాం. మనవాళ్లు 54 మంది ఏమయ్యారో నేటికీ తేలలేదు. ఆ సినిమాకు మామ మార్కులు వేయలేదు. టోపీల మాట ఎత్తలేదు.

మామకు పోటీ ఒక్కడే, ఆదిలాబాద్ బామ్మర్ది. అత్త తమ్ముడు, బీఎస్ఎఫ్‌లో చేసి దిగాడు. పండుగకో పెళ్లికో వచ్చాడంటే ఇంట్లో సరిహద్దు వివాదమే. "మీది హోం శాఖ, మాది రక్షణ శాఖ. మిమ్ముల మిల్ట్రీ అనరు బామ్మర్దీ" అని మామ. "మాకూ 1968 చట్టముంది, మాకూ సమ్మరీ సెక్యూరిటీ ఫోర్స్ కోర్టుంది బావా. మీరు క్యాంపుల పండుకున్నప్పుడు బార్డర్ల మేల్కొన్నది మేమే" అని ఆయన. కిందటి చలికాలం ఈయన వచ్చిన రోజునే మా పక్కింటి రిటైర్డ్ లెక్చరర్ సారు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. కరీంనగర్ ఫిలిం సొసైటీ పుణ్యమా అని ఈ ఊళ్లో ప్రపంచ సినిమా చూసి తల పండిన మనుషులు కొందరున్నారు, సారు అందులో ఒకడు. తెచ్చింది 1965 నాటి 'ది హిల్'. సిడ్నీ లుమెట్ తీశాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి లిబియా ఎడారి, బ్రిటిష్ మిలిటరీ జైలు, నడిమధ్య ఖైదీల కోసం కట్టిన ఇసుక గుట్ట. తప్పు చేసినవాడు బరువు మోస్తూ ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి. బాండ్ వేషాల నడుమ వీలు చేసుకొని షాన్ కానరీ ఇందులో ఖైదీగా వేశాడు.

మామ మనవడు పది నిమిషాలు చూశాడు. "నలుపు తెలుపే. పాటలు లేవు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ సుతం లేదు. ఫైట్ ఎప్పుడు తాతా?" అని ఫోను తీసుకొని పక్కకు జరిగాడు. వాడన్నది నిజమే, ఆ సినిమాలో సంగీతం లేదు. కేకలున్నాయి, బూట్ల చప్పుడుంది, రొప్పు ఉంది.

సారు గొంతు సవరించుకొని ఆ గుట్ట గుట్ట కాదని, వ్యవస్థ అని సెలవిచ్చాడు.

"ఇసుక గుట్టంటే ఇసుక గుట్టే సారూ. ఎక్కినోన్ని అడుగుండ్రి" అన్నాడు మామ.

బామ్మర్ది రాజస్థాన్ సరిహద్దులో చేసినవాడు కనుక ఇసుక మీద సర్వహక్కులూ తనవే అన్నట్టు, పొద్దటి ఇసుకకూ మాపటి ఇసుకకూ కాలు దిగబడే తేడా చెప్పబోయాడు. వంటింట్లోంచి అత్త అందుకుంది. "మన దిక్కు గుట్టలెక్కిచ్చుడు ఎక్కడిది? గుట్టనే ముక్కలు కోసి కాకినాడకు పంపుతున్నరు." మా జిల్లా గ్రానైట్ గుట్టల చరిత్ర అంతకంటే పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

మామ మాత్రం బొమ్మ ఆపకుండా చూస్తున్నాడు. హ్యారీ ఆండ్రూస్ వేసిన సార్జెంట్ మేజర్ విల్సన్ గర్జిస్తుంటే, "మా సుబేదార్ మేజర్ సాబ్ అచ్చం గిట్లనే ఉంటుండె" అని కూర్చున్నచోటే నడుము నిటారు చేశాడు. కొత్తగా వచ్చిన అయిదుగురు ఖైదీల్లో ఒకడు ఆఫీసర్ల విస్కీ తాగి దొరికినవాడు. "ఆఫీసర్ల మందు ముడితే ఊకుంటరా?" అని న్యాయం చెప్పాడు. ఇంకొకడు సర్కారు సొమ్ము అమ్ముకున్నవాడు. "లోపలెయ్యాల్సిందే." స్టీవెన్స్ అని ఒక బక్క గుమాస్తా ఉన్నాడు. భార్య మీద మనసుపడి, చెప్పాపెట్టకుండా ఇంటిదారి పట్టి దొరికిపోయాడు. వాణ్ని గుట్ట ఎక్కించి, దించి, ఎక్కించి, చివరికి వాడు ప్రాణం విడిచేదాకా వచ్చింది.

మామ లేచి నిలబడ్డాడు. "పెండ్లాన్ని సూడవోతే గింత శిచ్చనా? గిదేం కానూన్?"

"కానూన్ గదే గద బావా. ఛుట్టీ లేకుంట పోయినా, ఛుట్టీ దాటి ఉన్నా మీ యాక్ట్‌ల సెక్షన్ 39. ఎప్పుడూ నువ్వే చెప్తవు గద" అన్నాడు బామ్మర్ది, ఇన్నేళ్లకు చేతికి చిక్కాడన్న సంబరంతో.

అత్త చాయ్ గ్లాసులు పట్టుకొని వచ్చింది. "అవ్ తమ్మీ. మా లగ్గమైన ఏడు గీయన సిపాయే. బతుకమ్మ సూసి పోతనన్నడు, దసరా జమ్మి పెట్టి పోతనన్నడు, దీపావళికి రామగుండంల రైలెక్కిండు. మల్ల నెల దినాలు ఉత్తరం లేదు, మనియార్డర్ లేదు. నేను ఏడ్వంగ మన అవ్వ..."

"నెల కాదు. 28 దినాలు" అన్నాడు మామ, అత్త లెక్కలో తప్పు దిద్దుతూ.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. బామ్మర్ది ఒక్కడే చాయ్ ఊదుకుంటూ మెల్లగా అడిగాడు. "కిటికి ఎడమ దిక్కే గద బావా?"

మామ వినపడనట్టు రిమోట్ అందుకొని సినిమాకు పదికి పది వేశాడు. ఇంతవరకు ఏ సినిమాకూ ఆరు దాటనివాడు ఇంత ఎందుకిచ్చాడని సారు అడిగాడు.

"టోపీలు సక్కగ పెట్టుకున్నరు" అన్నాడు.