నా ఒంటి మీద మీ ఊరి పేరుంది

నేను ఎఫ్ 1010ని. మొదటి ప్రపంచయుద్ధంలో బాంబులు మోసిన డీహెచ్ 9ఏ విమానాన్ని. లండన్‌లో, హెండన్ దగ్గరి రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంటున్నాను. నా పక్కకొచ్చి చూస్తే ఒంటి మీద ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. హైదరాబాద్ నిజాం ప్రభువు కానుక అని వాటి అర్థం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో మా దళానికి విమానాలు సమకూరాయి. అందుకే మా 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు.

ఆ ఊరిని నేనెన్నడూ చూడలేదు. నేను పుట్టేనాటికి మీ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇంకా రాళ్ళగుట్టలే. 1918 సెప్టెంబరులో మా దళం ఫ్రాన్స్ చేరింది.

నాలో ఇద్దరికే చోటు. ముందు పైలట్, వెనక అబ్జర్వర్. పైన కప్పు లేదు, చలికి వేళ్ళు కొయ్యబారేవి. పాత డీహెచ్ 4లో ఇద్దరి మధ్యా పెట్రోలు ట్యాంకు అడ్డుండేది. నాలో అది లేదు. ఇంజను హోరులో మాట వినపడకపోయినా, చెయ్యి చాస్తే భుజం అందేది.

అక్టోబరు 5న కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ నన్ను జర్మనీ మీదికి తీసుకెళ్ళారు. వెనక్కి రాలేకపోయాం. వాళ్ళిద్దరూ ఖైదీలయ్యారు, నేనూ శత్రువు చేత చిక్కాను. అలా తిరిగిరానివాళ్ళ పేరు పక్కన రాసే మాట ఒక్కటే: 'మిస్సింగ్'. ఇంటికి వెళ్ళే తంతిలోనూ అదే. కర్మ చెయ్యాలో, ఎదురుచూడాలో చెప్పని మాట అది. మా వాళ్ళు ప్రాణాలతో ఉన్నారు. అదే నెల 21న మా దళం ఒక్క దాడిలోనే ఏడు విమానాలను పోగొట్టుకుంది. అంటే పద్నాలుగు ఇళ్ళు.

నన్ను బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో పోలాండ్ చేరాను. రెక్కలు పోయాయి. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి బ్రిటన్ నన్ను తెచ్చుకుంది, కొత్త రెక్కలు కట్టింది. మనుషులకు అలా కుదరదు. ఫ్రాన్స్‌లోని అర్రాస్‌లో, సమాధి ఎక్కడో తెలియని సుమారు వెయ్యిమంది వైమానికుల పేర్లు రాతి మీద చెక్కి ఉన్నాయి. మీ దేశంలోనూ 1971 యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన 54 మంది జాబితా ఉంది. అందులో వైమానికులూ ఉన్నారు.

ఫిల్మ్‌నగర్ వాళ్ళారా, 2015లో 'కంచె' తీసి రెండో ప్రపంచయుద్ధాన్ని తెలుగు తెర మీదికి తెచ్చారు. మా ఆకాశాన్నీ గ్రాఫిక్స్‌లో కట్టగలరు. ఏనాడైనా మా కథ తీస్తే, ఆ ఇద్దరి భుజాలూ తగిలేంత దగ్గరగా కెమెరా పెట్టండి. ఆఖర్న, తిరిగిరానివాళ్ళ పేర్లు చదవగలిగేంత నెమ్మదిగా వెయ్యండి. వాళ్ళు మీ ఊరి పేరు మోస్తూ వెళ్ళినవాళ్ళు.